రెండు వానలు పడేదాకా

హోసియా ప్రూయిట్‌కి రెండు కార్లుండేవి. రెండు కార్లనగానే కలిగినవాడనుకునేరు! డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుని రిటైరైన ప్రతి ముసలాడికీ రెండుంటాయి. ఒకటి పెద్దబండి, రెండోది చలిబండి. మంచు పడగానే రోడ్లమీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు కారు అడుగున పట్టిందంటే ఇనుమును చెదపురుగులా తినేస్తుంది. అందుకని తొలిమంచుకు ముందే పెద్దబండిని షెడ్డులో పెట్టి, బ్యాటరీ తీగ ఊడదీసి, దుప్పటి కప్పేస్తారు. మళ్ళీ వసంతంలో రెండు గట్టి వానలు పడి, రోడ్డు మీది ఉప్పంతా కొట్టుకుపోయాకే దాన్ని బయటికి తీయడం. ఆ మధ్య నెలల్లో తిరగడానికి ఎవరికీ అక్కర్లేని డొక్కు ఒకటుంటుంది. అదే చలిబండి.

మిగతావాళ్ళు ఈ నియమాన్ని కాస్త అటూ ఇటూ సర్దుకునేవారు. హోసియా దగ్గర ఆ పప్పులుడకవు. చినుకులు ఆయన లెక్కలో వాన కాదు. రెండో వాన పడిన మర్నాడు వీధి మొగదాకా నడిచివెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని వంగి, రోడ్డును వేలితో రాసి నాలుక్కి తగిలించుకునేవాడు. ఉప్పగా ఉంటే ఇంకో వారం ఆగాల్సిందే. చర్చి పెద్దల్లో ఒకడు, డీకన్ అయివుండి రోడ్డు నాకే మనిషిని మీరెక్కడైనా చూశారా? మా వీధిలో ఏటా చూసేవాళ్ళం.

నవ్వుకునేవాళ్ళం గానీ, ఆ కారు మీద ఆయనకున్న మమకారం ఊరికే వచ్చింది కాదు. హోసియా తండ్రి అలబామాలో ఒక దొర దగ్గర పంతొమ్మిదేళ్ళు డ్రైవరు. అలాంటి పొడుగాటి కారునే రోజూ కడిగాడు, తుడిచాడు, తోలాడు. ఒక్కనాడూ తన భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగడుగుల దూరం పోయింది లేదు. "తుడవడం మనది, ఎక్కడం వాళ్ళది" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆ మాట హోసియా గుండెల్లో మేకులా దిగింది. ముప్పై ఒక్కేళ్ళు ఫ్యాక్టరీలో నిలబడి కార్లకు తలుపులు బిగించి, చివరికి ఆ తలుపుల కారే కొనుక్కున్నాడు. ముదురు మెరూన్ రంగు, మీగడ రంగు తోలు సీట్లు, గట్టిగా వెయ్యక్కర్లేకుండా మెత్తగా పడే తలుపులు. మొదటి ఆదివారం భార్య వెర్నెల్‌కి తనే తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఆకుపచ్చ టోపీ సర్దుకుంటూ రాణీలా ఎక్కింది. ఆ రోజు నుంచి పదహారు ఎండాకాలాలు ఆదివారం ఆదివారం అదే మర్యాద. ఆ మర్యాదకు ఎవరూ వంక పెట్టలేరు.

ఆర్టిస్ బూన్‌కి కూడా అదే కారు, అదే ఏడాదిది. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన పనిచేసినవాళ్ళే. ఆర్టిస్ మాత్రం చలిబండి పెట్టలేదు. మంచులోనూ బురదలోనూ పెద్దబండే తిప్పాడు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో చావైనా ఆ కారే కదిలేది. చక్రాల పైన తుప్పు పట్టి ఇనుము రేకు రేకులుగా ఊడిపోయింది. ఎండాకాలం శనివారాల్లో బార్బర్‌షాపు పక్క ఖాళీ స్థలంలో పెద్దబండ్లవాళ్ళంతా చేరి బానెట్లు ఎత్తుకుని కబుర్లాడుకుంటుంటే, ఇద్దరికీ ఎప్పుడూ ఉండే రగడే.

"ఒరేయ్ ఆర్టిస్, నీ కారు అడుగున కన్నంలోంచి రోడ్డు కనిపిస్తోందిరా. సిగ్గులేదూ?"

"కనిపిస్తే మంచిదేగా, ఎక్కడికి పోతున్నానో తెలుస్తుంది. నీది మ్యూజియంలో పెట్టు, టిక్కెట్టు పెడితే నేనూ వచ్చి చూస్తా."

"తుప్పు పట్టించుకుని గొప్పలు ఒకటి!"

"నా బండి ఉప్పు తింది, పని చేసింది. నీది తిండీ లేదు, పనీ లేదు. పెళ్ళికాని అత్తలా ముసుగేసుక్కూర్చుంది."

ఈ రగడ చెవిన పడితే వెర్నెల్ నోరారా నవ్వేది. బడి వంటగదిలో ఇరవయ్యేళ్ళకు పైగా గరిటె తిప్పిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. ఆవిడ చేసిన మొక్కజొన్న రొట్టె తిని పెరిగినవాళ్ళు ఈ ఊళ్ళో సగంమంది ఉంటారు. అంత పొయ్యిసెగలో బతికిన మనిషికి కిడ్నీలు పోయాక చలి పట్టుకుంది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. నాలుగు గంటలసేపు ఒంట్లో రక్తమంతా బయటికెళ్ళి తిరిగొస్తుంటే, అయ్యేసరికి ఎముకల్లోంచి వణుకు. రెండు స్వెట్టర్లు, ఒక కోటు, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని చలిబండిలో కూర్చునేది. అందులో హీటరుందంటే ఉంది. డ్రైవరు ఎడమకాలి బొటనవేలికి మాత్రం వెచ్చగా తగిలేది.

జనవరిలో ఒక బుధవారం, డయాలిసిస్ నుంచి తిరిగొస్తుంటే అడిగింది.

"ఏమయ్యా, పెద్దబండిలో సీటు వేడెక్కుతుందన్నావు కదూ, కొన్నప్పుడు?"

"ఆఁ. మీట ఉంది."

"ఎప్పుడూ నొక్కలేదేం?"

"ఎండాకాలంలో ఎవరైనా నొక్కుతారటే, పిచ్చిదానా?"

వణుకుతూనే నవ్వింది. "నిజమే. పదహారేళ్ళూ ఎండలోనేగా తిరిగాం." కిటికీ వైపు తిరిగి అంది. "ఒక్కసారి ఇక్కణ్ణించి అందులో ఇంటికెళ్ళాలనుందయ్యా. వీపు వెచ్చబడితే చాలు. ఇంకేమీ అడగను."

"వెళ్దాం. రెండు వానలు పడనీ."

ఇదిగో, ఇదీ ఆయన అన్న మాట. చెడ్డవాడా అంటే కాదు. పెళ్ళామంటే ప్రాణం. డయాలిసిస్ జరిగిన ఒక్కరోజు కూడా ఆవిడ పక్కనుంచి లేచి వెళ్ళింది లేదు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. ఏళ్ళ తరబడి తిప్పిన నాలుక కదా, దానంతటదే తిరిగింది.

ఈ సంగతి వెర్నెల్ నోటివెంటే ఆర్టిస్ చెవిన పడింది. ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి మెట్ల మీదే హోసియాను పట్టుకున్నాడు.

"వానలు పడాలన్నావట?"

"ఉప్పు ఎలా ఉందో చూస్తున్నావుగా. బూట్లే తెల్లబడుతున్నాయి."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేరా! కారు వేడిస్తానంటోంది, నువ్వివ్వనంటున్నావు. అడుగున నాలుగు కన్నాలు పడితే పడనీ. నా దాంట్లో తీసుకెళ్దామంటే నా సీటు మీట ఎప్పుడో చచ్చింది. లేకపోతే నిన్నడిగేవాణ్ణా?"

హోసియా మెట్లు దిగిపోయాడు. ఇంటికెళ్ళి, కోటు కూడా విప్పకుండా షెడ్డు తలుపు తీశాడు. దుప్పటి లాగాడు. ఆ మెరూన్ రంగు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. వెనక వంటింటి గుమ్మంలోంచి వెర్నెల్ కేకేసింది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"రేపు దీంట్లో వెళ్దాం."

"వద్దు వద్దు! ఈ ఉప్పులోనా? ఏదో నోరు జారి అన్నాను. తర్వాత ఆ కారును చూసినప్పుడల్లా నీ కడుపు తరుక్కుపోతుంది, నాకు తెలీదూ? ఎన్నాళ్ళని! వానలు పడతాయిలే. నేనెక్కడికీ పోను."

"నిజంగా వద్దా?"

"వద్దన్నానుగా. లోపలికి రా, మంచు పడుతోంది."

ఆవిడ వద్దన్నది ఆయన కోసం. ఆయన విన్నది కారు కోసం. ఆ క్షణంలో ఆయన మనసులో ఒక బరువు దిగినట్టయింది. ఆ తేలికను ఆ మనిషి తర్వాత ఎన్నటికీ క్షమించుకోలేకపోయాడు. దుప్పటి మళ్ళీ నాలుగు మూలలా లాగి కప్పి, లోపలికి వెళ్ళాడు.

ఫిబ్రవరి గడిచింది. మార్చి మొదట్లో ఒక వాన పడింది. ఒక్కటే. దాని వెనకే మళ్ళీ మంచు, మళ్ళీ ఉప్పు లారీలు. వెర్నెల్ క్యాలెండరులో ఆ వాన పడిన తేదీకి గుండ్రంగా సున్నా చుట్టింది. "సగం వచ్చేశాం" అంది. ఆ వారంలోనే ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు తీశారు. ఆరో రోజుకు తేరుకుంది. డాక్టరు శనివారం ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నాడు.

శనివారం పొద్దున హోసియా ఎవర్నీ అడగలేదు. ఆవిణ్ణీ అడగలేదు. షెడ్డు తలుపులు బార్లా తీసి, బ్యాటరీ తగిలించి, పెద్దబండిని బయటికి తెచ్చాడు. రోడ్డంతా తెల్లగా ఉప్పు పేరుకునుంది. దారంతా అది చక్రాల నుంచి ఎగిరి అడుగున టపటపా కొడుతూనే ఉంది. తోడు వచ్చిన ఆర్టిస్ ఓరకంట ఆయన మొహమే చూస్తున్నాడు. హోసియా ఒక్కసారి కూడా స్పీడు తగ్గించలేదు.

ఆసుపత్రి గుమ్మం ముందు ఆపి, ముందు సీటు మీట నొక్కాడు. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

"ఇంజను ఆపకు. నేను దింపుకొచ్చేసరికి బాగా కాగాలి" అని ఆర్టిస్‌ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, భార్య కోటు చేతిమీద వేసుకుని లోపలికి వెళ్ళాడు.

మూడో అంతస్తులో ఆవిడ గది బయట నర్సు నిలబడి ఉంది. ఆయన్ను చూసి ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"మిస్టర్ ప్రూయిట్, మీ ఇంటికి ఫోన్ చేశాం. ఎత్తలేదు."

"దారిలో ఉన్నానమ్మా. కారు తెచ్చాను. పెద్దబండి."

"గుండె ఆగిపోయిందండీ. పావుగంట కూడా కాలేదు. బట్టలు కట్టుకుని, టోపీ పెట్టుకుని తయారుగా కూర్చునే ఉన్నారు."

ఆయన లోపలికెళ్ళి ఎంతసేపున్నాడో, ఏం మాట్లాడాడో మాకెవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కింద ఆర్టిస్ చెయ్యి చాచి సీటు తడిమి తడిమి చూసుకుంటున్నాడు. అద్దాల తలుపు తెరుచుకోగానే తల కూడా ఎత్తకుండా, కిటికీ దించి ఉత్సాహంగా అరిచాడు.

"త్వరగా రా సిస్టర్ వెర్నెల్! సీటు పెనంలా ఉంది, రొట్టె కాల్చుకోవచ్చు!"

హోసియా ఒక్కడే వస్తున్నాడు. కోటు ఇంకా చేతిమీదే ఉంది.

హోసియా కారు చుట్టూ తిరిగొచ్చి, ఎప్పుడూ ఆవిడ కోసం పట్టుకునే తలుపు తీసి, పదహారేళ్ళలో తనెన్నడూ కూర్చోని ఆ సీట్లో కూర్చున్నాడు. వేడి వీపుకు, నడుముకు, తొడలకు పాకింది.

"ఆర్టిస్, ఇంత వెచ్చగా ఉంటుందని నాకు తెలీదురా" అన్నాడు.