రెండో నంబరు పెట్టె

మొన్న మా అపార్ట్‌మెంటులో కెమెరాలు బిగించడానికి ఒకతను వచ్చాడు. టీ తాగినంతసేపట్లో పని ముగించి, సెల్‌ఫోనులో గేటు చూపించాడు. కీబోర్డు ఏదయ్యా అని అడిగితే, కంప్యూటరు ఎందుకంకుల్ అన్నాడు. కడుపుబ్బ నవ్వాను. ఎనభైల్లో నంద్యాలలో అలాంటి కీబోర్డు ఒకటి నాకు అన్నం నీళ్లు మరిపించిందని పాపం అతనికేం తెలుసు!

మా నాయన ఆళ్లగడ్డలో మిషన్ స్కూలు అయ్యవారు. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే టీచరుద్యోగమే. నేనేమో మద్రాసులో టీవీ పని నేర్చుకొచ్చి, మా అక్క మొగుడితో కలిసి మిద్దెల మీద యాంటెన్నాలు కడుతున్నాను. టీచరు ట్రైనింగులో సీటొచ్చింది, చేరే గడువు దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే నంద్యాలలో ఒక పత్తిమిల్లు యజమాని, బొంబాయిలో ఎవరి దగ్గరో చూసి మనసుపడి, కెమెరాలు తెప్పించాడు. ఈ ఒక్క పనీ చేసి చూస్తాను, కుదరకపోతే నోరెత్తకుండా ట్రైనింగుకు పోతానని నాయనకు మాటిచ్చాను. కుదరదులే అన్నాడాయన, దీవించినట్టు.

కెమెరాలంటే అరచేతిలో ఇమిడేవి కావు, ఒక్కొక్కటి చెప్పుల పెట్టెంత. మిల్లు ఆవరణలోవన్నీ ఒక ఇనపపెట్టెకు, గోదాములోవన్నీ ఇంకో పెట్టెకు తీగలు లాగాం. రెండూ ఆఫీసులోని ఒక్క టీవీకే బొమ్మ పంపాలి. బల్ల మీద కీబోర్డు: అంకెల మీటలు, పక్కన కెమెరాను తిప్పడానికి చిన్న పుల్ల. ముందు పెట్టె నంబరు నొక్కాలి, తర్వాత కెమెరా నంబరు. బడిలో హాజరు పిలిచినట్టు, ఆ నంబరు గల పెట్టె ఒక్కటే పలుకుతుంది. ఇక్కడ పుల్ల కదిపితే అక్కడెక్కడో గేటు మీద కెమెరా మెడ తిప్పుతుందంటే, అబ్బ, ఒళ్లు పులకరించేది! పత్తి దుమ్ముకు తుమ్ముతూ, నిచ్చెన మీద పాటలు పాడుతూ పనిచేశాం.

పెట్టెల మీద ఎర్రరంగుతో 1, 2 అని రాశాను. గోదాము పెట్టె చూసి యజమాని మొహం మాడ్చుకున్నాడు. వ్యాపారస్తుల్లో రెండో నంబరంటే లెక్కల్లోకి రాని దొంగసరుకు కదా.

"ఏందప్పా ఇది? నా గోదాముకు రెండో నంబరని రాస్తాండావా? టాక్సోళ్లు చూస్తే నా గతేంగాను?"

ఎంత చెప్పినా వినలేదు. సరే, పైన రాతేగా, పెట్టె లోపల నంబరు పెట్టే చిన్న మీటల్లో రెండు రెండుగానే ఉంటుందిలే అని, దాన్నీ ఒకటి చేసెయ్యమని బావకు చెప్పాను.

మర్నాడు ఆఫీసు నిండా జనం. ఒకటి నొక్కి, గేటు కెమెరా నొక్కాను. ఏసు ప్రభువా, ఏం బొమ్మ అది! పత్తికుప్ప మీద లారీ పోతోంది, వాచ్‌మన్ తల మీద తూకం కాటా నిలబడింది. గుమాస్తాలు పగలబడి నవ్వారు. యజమాని నవ్వలేదు. మధ్యాహ్నంలోగా బాగుచెయ్యకపోతే అన్నీ విప్పుకొని పొమ్మన్నాడు. సుద్దముక్కతో సహా అయ్యవారి ఉద్యోగం కళ్లముందు కదిలింది. తీగలన్నీ పీకి మళ్లీ కలిపాను, అదే తంతు. అప్పుడు బావ నా చెవి దగ్గరికొచ్చాడు.

"నంబరు మార్చమంటివి గదా. పైన ఒక్కటే మారిస్తే అబద్ధమైతాదని లోపల గూడా మార్చినా."

అంటే ఒకటి అని పిలవగానే రెండు పెట్టెలూ కలిసి పలుకుతున్నాయన్నమాట! బావను కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. పరుగెత్తిపోయి గోదాము పెట్టెను లోపలా బయటా ఐదు చేశాను. మధ్యలో ఉండాల్సిన కడమ మూడు గోదాములు ఎక్కడని అడుగుతారేమోనని యజమాని గొణిగాడు గానీ, రెండు కాదు కదా అని ఒప్పుకున్నాడు.

మళ్లీ ఒకటి నొక్కాను, గేటు నొక్కాను. బొమ్మ నిలకడగా నిలిచింది. అందులో మా నాయన! తెల్లచొక్కా, చంకలో గొడుగు. చెప్పాపెట్టకుండా ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చి, లోపలికి రావాలా వద్దా అని గేటు దగ్గర తచ్చాడుతున్నాడు. మొహం తుడుచుకున్నాడు, జుట్టు సర్దుకున్నాడు. సంతోషం పట్టలేక మా నాయన, మా నాయన అని అందరికీ చూపించాను.

లోపలికొచ్చి టీవీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గేటుకాడ నేను గూడా దీంట్లో కనపడితినా?"

"కనపడితివి నాయనా. జుట్టు సర్దుకునేది గూడా."

ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాడు. పుల్ల మీద వేలు పెట్టి కదిపాడు. టీవీలో గేటు పక్కకు జరిగింది. ఇంకోసారి కదిపాడు. నన్ను ట్రైనింగులో చేర్చడానికి వెంటబెట్టుకుపోదామని వచ్చిన మనిషి, గొడుగు తీసుకొని లేచాడు.

"నేను బస్సుకు పోతా. నువ్వు ఈడనే ఉండు, పని చూసుకో."

నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఆయన వరండా దాటుతుంటే వరండా కెమెరా, లారీలు ఆగే చోటు దాటుతుంటే అక్కడి కెమెరా, టకటకా మీటలు నొక్కుతూ యజమానికి నా పనితనం చూపించాను. గేటు దగ్గర ఆయన ఆగి, కెమెరా వైపు తలెత్తబోతున్నాడు. ఆ సంబరంలో నేను అప్పటికే గోదాము చూపించడానికి ఐదు నొక్కేశాను, గేటు పోయి పత్తికుప్ప వచ్చింది. వయసులో అంతా తొందరే. నాయన ముఖం మీద ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఏం పోయేది నాకు!