కరివేపాకు కుండీ కింది ఇనప పెట్టె

అమ్మ పోయిన నెలకి, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో తమ్ముడింట్లో ఆవిడ గది సర్దుతుంటే, పాత చీర ముక్కలో చుట్టిన ప్లగ్గు అడాప్టరు ఒకటి దొరికింది. ఒక పక్కంతా నల్లగా కమిలిపోయి ఉంది. ఆ కాలిన వాసన నిజంగా వచ్చిందో, నాకే అలా అనిపించిందో.

అది కాలిననాడు నాకు తొమ్మిదేళ్లు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ హడలే మాకు అన్నం పెట్టింది. నాన్న కంప్యూటర్ ఉద్యోగం వెంట అమెరికాలో ఏడాది ఉండి, అక్కణ్ణించి సిడ్నీ వచ్చి టూంగాబీలో అద్దెకి దిగాం. ఆదివారం మా పెసరట్ల వాసన, కింది వాటా నూర్జహాన్ ఆంటీ బిర్యానీకి వేయించే ఉల్లిపాయల వాసన, వీధిలో వాటిల్ చెట్ల పసుపు పూల వాసన కలిసిపోయే ఆ మెట్ల మీద, పిస్తా తొక్కలే గవ్వలుగా నేను అష్టాచెమ్మా ఆడుతుంటే, నాలుగేళ్ల తమ్ముడు కాయలు ఎత్తుకుని పారిపోయేవాడు. పారిపోయి, ఆయాసపడేవాడు.

వాడి ఉబ్బసానికి అమెరికాలో కొన్న ఆవిరి మందు మిషనూ, దాని కోసం నాన్న తెచ్చిన ఇటుకంత బరువు కన్వర్టరూ మాతోనే వచ్చాయి. ఇక్కడి కరెంటు అక్కడి దానికి రెండింతలు, మధ్యలో దాన్ని సగానికి దించే ఈ పెట్టె ఉండి తీరాలని నాన్న చెప్పనే చెప్పారు. కానీ అమ్మ తెనాలిలో, సాయంత్రమైతే బల్బు గుడ్డిగా వెలిగే ఇంట్లో పెరిగింది. ఇలాంటి ఇనప పెట్టె అంటే ఆవిడకి తెలిసింది స్టెబిలైజరే, చాలని కరెంటుకి ఊతమిచ్చేది.

“ఇక్కడ కరెంటు రెప్పైనా వెయ్యట్లేదుగా, దీంతో పనేవుంది?” అని దాన్ని బాల్కనీలో కరివేపాకు కుండీ కింద పీటగా వేసింది.

వాటిల్ పూలు విరగబూసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం తమ్ముడికి ఊపిరి అందలేదు. నాన్న ఆఫీసులో ఉన్నారు. అమ్మ ఇక్కడికొచ్చాక మొదటిసారి ఆ మిషన్ని తీసి, పిన్నులు మాత్రమే మార్చే అడాప్టరుకి తగిలించి స్విచ్చి వేసింది. అది ఎన్నడూ లేనంత హోరుగా తిరిగింది.

“చూశావటే, ఎంత జోరుగా తిరుగుతోందో!” అంది, మొహం వికసించి.

అంతలో మిషన్లోంచీ అడాప్టర్లోంచీ నీలం పొగ. మిషన్ ఆగిపోయింది. తమ్ముడి డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు నల్లబడుతున్నాయి, అమ్మ మిషన్ని అరచేత్తో బాదుతూ, “తిరగవే తల్లీ, తిరుగు” అని బతిమాలుతోంది. అంత దిక్కులేనితనం నేను మళ్లీ ఎరగను. పొగ వాసనకి పైకొచ్చిన నూర్జహాన్ ఆంటీయే అంబులెన్సుకి ఫోన్ చేసింది.

“ఏడ్వకు అక్కా, వస్తున్నరు, వస్తున్నరు” అంటూనే తనూ ఏడ్చింది. రావాల్సిన బండి రాదు. అమ్మ వాణ్ణి బాల్కనీలోకి ఎత్తుకెళ్లి, కొంగుతో విసురుతూ, తెలిసిన దేవుళ్లంతా అయిపోయాక, “నా ఊపిరి తీసుకోరా నాన్నా” అంది.

బండి వచ్చింది. వాడు దక్కాడు. అమ్మ మాత్రం మళ్లీ ఏ ప్లగ్గూ తన చేత్తో పెట్టలేదు. వాడు దగ్గితే చాలు, ఏ గదిలో ఉన్నా పరుగున వచ్చి వీపు మీద చెయ్యి వేసేది. పెళ్లి పీటల మీద దగ్గినా అంతే, అందరూ నవ్వారు.

టూంగాబీ వాటా కూల్చేశారు. నూర్జహాన్ ఆంటీ వాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఇప్పటి చార్జర్లు ఏ దేశపు కరెంటునైనా తాగేస్తాయి, తమ్ముడి మందు జేబులో పట్టేస్తుంది. ఆ మధ్యాహ్నం వాడికి గుర్తే లేదు.

“కాలిపోయింది కదక్కా, జస్ట్ బిన్‌లో వేసెయ్” అన్నాడు. సొరుగులోంచి లేచిన దుమ్ముకి దగ్గాడు.

ఇద్దరం ఒక్కసారే గుమ్మం వైపు చూశాం. ఎవరూ రాలేదు.