చింత పురుగు, పల్లీల గోదాం

ఆ రోజుల్లో డిగ్రీ అయిపోగానే ఉద్యోగం దొరకడం గొప్ప సంగతి. ఆ ఉద్యోగంలో నువ్వు చేసే పనేమిటని ఇంట్లో ఎవరూ అడగకపోతే అది ఇంకా గొప్ప. నాకు మొదటిది దొరికింది, రెండోది ఒక నెల మాత్రమే దక్కింది. జువాలజీ చదివి, పటాన్‌చెరు దగ్గర ఒక విత్తన పరిశోధన కేంద్రంలో ఏడాది కాంట్రాక్టు మీద సహాయకురాలిగా చేరాను. సంగారెడ్డి మార్కెట్లో పల్లీలు, చింతపండు, పప్పుల వ్యాపారం చేసే మా బాపు ఆ నెలంతా దుకాణానికి వచ్చిన ప్రతివారితోనూ "మా బిడ్డ సైంటిస్టు" అని చెప్పుకున్నాడు. (నేనూ కాదనలేదు. ఇరవై రెండేళ్ల వయసులో అలాంటి మాటను ఎవరు కాదంటారు.)

నిజానికి నా పని పుచ్చు పురుగులను పెంచడం. గింజలో పెరిగి, గింజనే తిని, గుండ్రంగా రంధ్రం చేసుకుని బయటికొచ్చే ఆ చిన్న పురుగుల్లో ఏది దేనికి దగ్గరి చుట్టమో తేల్చాలని మా మేడం పూనుకుంది. ఆమె గుంటూరు వైపు మనిషి. దగ్గరి చుట్టాలైన పురుగులు తరచు దగ్గరి చుట్టాలైన చెట్లనే పట్టుకుని ఉంటాయని, ఎప్పుడో ఒకటి మాత్రం కొత్త చెట్టుకు అలవాటు పడుతుందని చెప్పేది. అందుకని నేను కర్దనూర్ నుంచి హత్నూర దాకా రోడ్ల పక్కన తుమ్మ, చింత, రేల, దిరిసెన కాయలు ఏరుకొచ్చి, సీసాల్లో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, చెట్టు పేరు రాసిన చీటీ అంటించి, లోపలి నుంచి ఎవరు వస్తారా అని ఎదురుచూస్తూ కూర్చునేదాన్ని.

ఈ సంగతి బాపుకు తెలిసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపడం ఆపేశాడు.

"మేం గీ పురుగును సంపనీకి పరేషాన్ అయితుంటే, నీకు జీతమిచ్చి పెంచమంటున్నరా?"

"ఊకె పెంచుడు కాదు బాపు. వాటి చుట్టరికం సూస్తున్నం."

"వాటి చుట్టరికం నాకు దెల్వదా. అన్నీ మన గోదాంకే వస్తయి."

అప్పటి నుంచి మా మేడంకు మా ఇంట్లో "పుచ్చుల మేడం" అని పేరు స్థిరపడింది.

ఒక శనివారం సాయంత్రం వాన పట్టుకుంది. దిరిసెన కాయల సంచితో నేను తిరిగొచ్చేసరికి ల్యాబుకు తాళం పడింది. కాయలు బయటికి తీసుకెళ్లకూడదని గట్టి నియమం. ఆ వానలో నియమం గుర్తొచ్చింది గానీ, దాన్ని పాటించే దారి కనపడలేదు. సంచి ఇంటికి తెచ్చి, దుకాణం వెనకున్న గోదాంలో పల్లికాయ బస్తాల మీద పెట్టాను. సోమవారం పొద్దున తీస్తుంటే సంచి మూతి కొద్దిగా విడిపోయి ఉంది. మళ్లీ ముడేసుకుని, ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయాను.

రెండు నెలల తర్వాత నూనె మిల్లు ఆయన సరుకు చూడడానికి వచ్చాడు. ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పల్లికాయ తీశాడు. ఆయన అరచేతిలో ఒక గోధుమరంగు పురుగు తీరిగ్గా నడుస్తోంది.

"సేటూ, నీ దగ్గర గూడా గిట్లనేనా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అదే బాపును కుంగదీసింది. శుభ్రమైన సరుకంటే మా దుకాణం అనే పేరు మా తాత కాలం నుంచీ ఉంది. ఆయన సరుకు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. గడప దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఒకటే తోచింది. ఆ పురుగును తెచ్చింది నేనే.

తర్వాత నాలుగు రోజులూ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. పొద్దున్నే బస్సు టైముకు గంట ముందు గోదాంలోకి దూరి, సీసా, కుంచె పట్టుకుని ఒక్కొక్క పురుగునూ పట్టేదాన్ని. అలా పడితే గోదాం ఖాళీ అవుతుందని నిజంగానే అనుకున్నాను. ఐదో రోజు బాపు నన్ను చూశాడు.

"ఇంటికాడ గూడా డ్యూటీయేనా?"

నాకు ఏడుపొచ్చేసింది. వాన, సంచి, విడిపోయిన మూతి, అన్నీ చెప్పేశాను. ఆయన ఒక బస్తా మీద కూర్చుని, నా చేతిలోని సీసా తీసుకుని చూశాడు.

"ఇగ మీ మేడంకు జెప్పు," అన్నాడు చివరికి.

"చెప్తే నౌకరీ పోతది బాపు."

"పోతే పోనీ బిడ్డా. ఇంకో నలుగురి గోదాంలకు పోకముందే జెప్పాలె గదా."

మేడం నా మాటలన్నీ విని, ముందు నియమం గురించి తిట్టవలసినంత తిట్టింది. తర్వాత నేను గోదాం నుంచి తెచ్చిన సీసాలోంచి ఒక పురుగును తీసి భూతద్దం కింద పెట్టింది.

"దిరిసెన పురుగు ఎంతుంటుంది?"

"నువ్వుగింజంత మేడం."

"మరి ఇది ఎంతుంది? ఈ వెనక కాలి తొడ చూడు, ఎంత లావుగా ఉందో."

చూశాను. దిరిసెన పురుగుకు అది రెండింతలు పైనే ఉంది. నాలుగు రోజులు వాటిని కుంచెతో ఎత్తిన మనిషిని, ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె మా గోదాంకు వచ్చింది. బాపు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆమె పల్లికాయ బస్తాలను దాటిపోయి, గోడవారగా ఉన్న గింజ తీయని చింతపండు బస్తాల దగ్గర వంగింది. గోనె కుట్ల వెంట పల్చటి కాగితంలాంటి గూళ్లు అంటుకుని ఉన్నాయి.

"ఇది చింత పురుగండి. చింత గింజలో పెరిగి, బయటికొచ్చి ఇలా గూడు కట్టుకుంటుంది. మీ పల్లికాయలో ఉన్నదీ ఇదే."

"చింత పురుగు పల్లీలకు ఎట్ల వస్తది మేడం? అది చెట్టుకు కాస్తది, ఇది భూమిల కాస్తది."

"రెండూ ఒకే కుటుంబమండి. పల్లీ సముద్రం దాటి వచ్చిన పంట. అది ఇక్కడికి రాకముందు నుంచే ఈ పురుగు చింతలాంటి చెట్ల గింజల్లో బతుకుతోంది. పక్కనే కొత్త కాయ దొరికేసరికి దానికీ అలవాటు పడింది. అది ఎప్పుడో జరిగిపోయింది, మీ గోదాంలో కాదు. రెండిటినీ పక్కపక్కన పెట్టడమే మీరు చేసింది."

బాపు కాసేపు ఆ గూళ్లనే చూశాడు. "అంటే మా బిడ్డ తప్పు లేదు."

"ఈ పురుగు విషయంలో లేదు. సంచి ఇంటికి తెచ్చిన విషయంలో ఉంది."

"అది మీ ఆఫీసు సంగతి. మీరు సూసుకోండ్రి," అన్నాడు బాపు వెంటనే, ఎంతో తేలికపడి.

ఆఫీసు సంగతి ఆమె చూసుకుంది. ఉద్యోగం ఉంచి, నెల రోజులు సీసాలన్నీ నాతోనే కడిగించింది. చింతపండు రోడ్డవతలి రేకుల షెడ్డుకు మారింది. పాత గోనె సంచులను బాపు దగ్గరుండి కాల్పించాడు. మరుసటి పంటకు నూనె మిల్లు ఆయన వచ్చి, మూడు బస్తాలు విప్పించి, ఏమీ దొరక్క, కొంచెం నిరాశగానే సరుకు తీసుకుపోయాడు.

ఆ ఎండాకాలం హత్నూర నుంచి వస్తూ బాపు ఒక పొట్లం తెచ్చి నా ముందు పెట్టాడు. "మీ పుచ్చుల మేడంకు ఇయ్యి." లోపల ఎండు కాయలు, వాటితో ఒక చీటీ. చీటీ మీద రైతు పేరు, ఊరి పేరు, వాళ్ల నాయన పేరు కూడా ఉన్నాయి.

"చెట్టు పేరేది బాపు?"

"ఎవరి చేన్లదో రాసిన గదా. ఇంకేం గావాలె?"

మేడం ఆ చీటీని చాలా రోజులు తన బల్ల అద్దం కింద ఉంచుకుంది.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లయినా మొహం పాలిపోయి "మేడం, నా వల్లనే పాడైంది" అంటూ వస్తే, ఒక్క సంచి కాయలతో సంగారెడ్డి మార్కెట్టంతా మునిగిపోతుందని నమ్మి, బస్సులో ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్న ఒక అమ్మాయి గుర్తొస్తుంది. ఆమె పక్కన కూర్చుని, భయపడితే పడ్డావు గానీ, ముందు ఆ పురుగును ఒకసారి సరిగ్గా చూడవే అని చెప్పాలనిపిస్తుంది. వినేది కాదు. ఇరవై రెండేళ్లకే సైంటిస్టు కదా.