మా గల్లీ వంతు పప్పుచారు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మా ఇంట్లో అందరికీ వినికిడి బాగా పెరిగింది. గేటు చప్పుడైతే ఎవరొచ్చారో, మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఎవరెక్కుతున్నారో, చూడకుండానే చెప్పేసేవాళ్లం. ఎల్బీనగర్‌లో హైవేకి దగ్గర ఒక గల్లీలో, మేడ మీది భాగంలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటివాళ్లు. వాళ్లది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు. మాది గోదావరి వైపు. నాన్న చైతన్యపురిలో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నానని చెప్పుకునేవాణ్ని. కాలేజీలు తెరిస్తే కదా అది నిజమో కాదో తేలేది.

మా భయం ఒక్కటే, ఇల్లు ఖాళీ చేయమంటారని. ఎవరూ అనలేదు. అనకపోవడం వల్ల భయం తగ్గకపోగా, ఎప్పుడంటారో తెలియక ఇంకాస్త పెరిగింది. పక్క గల్లీలో మా వైపు కుటుంబం ఒకటి ముందుజాగ్రత్తగా ఫ్రిజ్జునీ కుట్టుమిషన్నీ లారీ ఎక్కించి ఊరికి పంపేసింది. మనుషులు మాత్రం ఇక్కడే ఉండిపోయారు, చల్లని నీళ్లు లేకుండా. ఉద్యమం అడుగుతున్నదాంట్లో న్యాయం ఉందని నాన్న కూడా ఒప్పుకునేవారు, ఇంట్లో, తలుపేశాక. నేను షేర్ ఆటో ఎక్కితే మాట మార్చేవాణ్ని. ఎల్బీనగర్‌లో 'జర జరుగన్నా' అని మొదలుపెట్టిన భాష, కొత్తపేట దాటేసరికి ఆయాసపడి 'కాస్త జరగండి' దగ్గరికి వచ్చేసేది. ఉద్యమానికి ముందు నోట్లోంచి వచ్చే మాటకు కాపలా ఉండాలని నాకు తోచలేదు. ఇప్పుడు నేనే కాదు, ఆటోలో అందరూ నోరు విప్పేముందు పక్కవాడి మొహం చూసేవాళ్లు.

ఇంటావిడ మా అమ్మను 'ఒదినె' అనేది. అమ్మ ఆవిణ్ని 'వదినగారూ' అనేది. ఎవరికి ఎవరు వదినో తేల్చే పని ఇద్దరూ పెట్టుకోలేదు. ఆ లెక్కన నేను ఆవిడకు అల్లుణ్ని.

ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడైంది. వేళ కాని వేళ. నాన్న పేపరు మడిచి, మళ్లీ విప్పారు.

"ఒదినె, నీతోని జర పనున్నది" అంది ఆవిడ కుర్చీలో కూర్చుంటూ.

అమ్మ నావైపు చూసింది. నేను సామాను వైపు చూశాను. బీరువా ఆ మెట్ల మీద దిగడం కష్టం.

"రేపు హైవే మీద వంటా వార్పు ఉన్నది గద. అన్నం ఆడనే రోడ్డు మీద వండుతరు. కూరలు, చార్లు మాత్రం గల్లీకొకటి ఇచ్చిన్రు. మనకు పప్పుచారు పడ్డది. మా ఆడోళ్లల్ల గంత మందికి చేసినోళ్లు ఎవ్వలు లేరు. నువ్వు ఏటేటా అయ్యప్ప సాములకు వండుతవ్. నువ్వే జెయ్యాలె."

"నేనా వదినగారూ?"

"నువ్వే. గట్ల భయపడతవేంది? నిన్ను స్పీచ్ ఇయ్యమన్ననా, చారు జెయ్యమన్న."

ఆవిడ వెళ్లాక నాన్న సమస్యను రెండు కేసులుగా విడగొట్టారు. కేసు ఒకటి: చేయనంటే ఉద్యమానికి వ్యతిరేకులం అవుతాం. కేసు రెండు: చేస్తే, ఎవరికైనా కడుపునొప్పి వస్తే, ఆంధ్రావాళ్లు ఏదో కలిపారంటారు. రెండు కేసుల్లోనూ జవాబు ఇల్లు ఖాళీ చేయడమే వచ్చింది.

"మరి ఏం చేయమంటారు?" అంది అమ్మ.

"చేసెయ్. కనీసం వంట బాగుందంటారు."

మర్నాడు పొద్దున్నే మిద్దె మీద కట్టెల పొయ్యి పెట్టారు. ఇంటావిడ ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంది. అమ్మ కందిపప్పు మెదిపి, చింతపండు పిండి, గరిటె తిప్పుతోంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యి చుట్టూ తిరుగుతున్నారు.

"అన్న ఏంది, పరీక్షల ఇన్విజిలేటర్ లెక్క తిరుగుతున్నడు? చారు కాపీ కొడ్తదా?" అంది ఇంటావిడ.

అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచిందని నా అనుమానం. భయపడుతూ వండి ఉంటే జాగ్రత్తగా వండేది. మాటల్లో పడింది. చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోయింది.

గిన్నెను ట్రాలీ ఆటో ఎక్కించాక అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, బెల్లం వేశానురా."

"ఎంత?"

"ఏమో. ఎప్పుడూ వేసేంత."

మా వైపు పప్పుచారులో బెల్లం ముక్క పడకపోతే పొయ్యి మీంచి దించరు. ఇక్కడ ఎవరూ వేయరు. మేం కొత్తగా వచ్చినప్పుడు అమ్మ గిన్నెడు చారు కిందికి పంపిస్తే, ఇంటావిడ రుచి చూసి "పాయసం మంచిగుంది ఒదినె, గని పోపెందుకు పెట్టినవ్?" అని అడిగింది. అంటే ఇప్పుడు ఆటో ఎక్కిన గిన్నెలో ఉన్నది చారు కాదు, మా ఊరి పేరు. ఎవరైనా ఒక్క గరిటె పోయించుకుంటే చాలు, చదివేస్తారు.

హైవే మీద బస్సు అన్నది లేదు. రోడ్డుకడ్డంగా ఇటుకల పొయ్యిలు, పొగ, మైకులో పాటలు. ఆడవాళ్లు ఒకవైపు బతుకమ్మ ఆడుతున్నారు. మామూలుగా లారీలు నడిచే చోట జనం బారులు తీరి కూర్చున్నారు, ముందు విస్తళ్లు. ఇంటావిడ గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. అమ్మ గిన్నె వెనకాల నిలబడింది. గిన్నె పెద్దదే కానీ అమ్మను పూర్తిగా దాచేంత పెద్దది కాదు.

మెడలో కండువా వేసుకున్న ఒకాయన ఉన్నాడు. పొద్దుటి నుంచీ మైకు ఆయన దగ్గరే ఉంది. ఆంధ్రా పాలకుల గురించి చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. మళ్లీ ఒక ముద్ద తిన్నాడు.

"అక్కా, గీ చారు ఎవలు జేసిన్రు? తియ్యగున్నది."

"మా గల్లీది" అంది ఇంటావిడ.

"గల్లీ చారు జేస్తదా? మనిషెవలు?"

ఇంటావిడ గరిటె గిన్నెలోనే ఆగింది. బారులో తింటున్న ఒకరిద్దరు తలెత్తారు.

"నేనే జేసిన. ఏదో చెయ్యి జారింది తమ్మీ. తిను."

అక్కడితో అయిపోవాల్సింది. కానీ మా అమ్మకు ఒక జబ్బుంది. తన వంట తప్పును ఇంకొకరు తమ మీద వేసుకుంటే తట్టుకోలేదు.

"కాదండి, నేనేనండి" అంది గిన్నె వెనకనుంచి.

అంత చిన్న మాటలో రెండుసార్లు 'అండి'. జిల్లా, తాలూకా కూడా చెప్పినట్టే.

ఆయన తింటున్న చెయ్యి ఆపి అమ్మను చూశాడు. "మీదెక్కడమ్మా?"

"ఇక్కడేనండి. ఈ గల్లీలోనే."

"అది గాదు..." అని ఏదో అనబోయి ఆగాడు. విస్తట్లో ఉన్నది తినేసి లేచాడు. "సరే అమ్మా. ఎండ మస్తున్నది. ఇంటికి పోండ్రి" అని మైకు వైపు వెళ్లిపోయాడు.

మేం ఇంటికి వచ్చాం. ఎండ నిజంగానే ఉంది. అదే మా ఇబ్బంది. ఎండ లేకపోయి ఉంటే ఆ మాటకు ఒక్కటే అర్థం ఉండేది.

"ఎలా అన్నాడు? ఇంటికి పోండ్రి అన్నాడా, పోండ్రి అని ఊరుకున్నాడా?" నాన్న అమ్మను మళ్లీ మళ్లీ అడిగారు.

"ఇంటికే అన్నాడండి."

"ఏ ఇంటికి?"

సాయంత్రం నాన్న చొక్కా మార్చుకుని, వాళ్లు చెప్పకముందే మనమే చెప్పేస్తే గౌరవంగా ఉంటుందని నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగారు. ఇంటాయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నారు.

"ఇల్లు ఖాళీ చేద్దామనుకుంటున్నామండి."

"ఎందుకు సార్? ఎవలన్న ఏమన్న అన్నరా? పేరు జెప్పుండ్రి."

"లేదండి. ఎవరూ ఏమీ అనలేదు."

"నేనన్ననా?"

"అయ్యో, అదేం మాటండి."

"మరి?"

రోజూ పిల్లలకు సూత్రాలు నిరూపించే మనిషి ఆ 'మరి' దగ్గర చొక్కా గుండీలు సర్దుకున్నారు. లోపల్నుంచి ఇంటావిడ వచ్చింది. ఏడ్చిందో, ఉల్లిగడ్డల ప్రభావం ఇంకా పోలేదో తెలియదు.

"పో అన్నా, పో. మీరు పోతే మేమే ఎల్లగొట్టినమంటరు. ఉంటే ఎందుకు ఉంచుకున్నరంటరు. ఇయ్యాల నలుగురిల అబద్ధమాడిన. రేపు ఆ ఆడోళ్లల్లనే కూసోవాలె నేను. మీకొక్కలకేనా భయం? నాకు లేదా?"

మా లెక్కలో ఈ కేసు లేదు. భయం మేడ మీద మాత్రమే అద్దెకుంటోందని మేం అనుకున్నాం. నాన్న "తప్పైపోయిందమ్మా" అన్నారు. మేం మేడెక్కి వచ్చేశాం.

మేం పోలేదు. పొమ్మనేవాళ్లు దొరక్కపోవడంతో అలా ఉండిపోయాం. ఆ తర్వాత వంటా వార్పులు ఇంకా జరిగాయి. ఇంటావిడ అమ్మను వంటకు పిలవలేదు. కాపాడుతోందో, తప్పించుకుంటోందో అమ్మకు తెలియలేదు. అడిగితే తెలిసేది. అందుకే అడగలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున గల్లీ అంతా టపాసులు. నాన్న బాల్కనీలో చాలాసేపు అటూ ఇటూ తిరిగారు. చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కరే కిందికి వెళ్లారు. పైకి వచ్చాక అమ్మ స్టవ్ కట్టేసి ఎదురొచ్చింది.

"ఏమన్నారు?"

"శుభాకాంక్షలండి అన్నాను. ఆయన 'మీక్కూడ సార్' అన్నారు."

"నవ్వుతూనేనా?"

"నవ్వుతూనే. షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇచ్చాక, ముందు నేను వదలాలో ఆయన వదలాలో ఇద్దరికీ తెలియలేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాం."