తలలెత్తిన తరగతి

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బీఎడ్‌లో చేరడానికి వెళితే, ఆఫీసులో గుమాస్తా నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, సీటు ఏ అమ్మాయికోనని. ఆ అమ్మాయిని నేనేనని ఒప్పించడానికి కాస్త సమయం పట్టింది.

అప్పటికి పదకొండేళ్లుగా కర్ణాటకలో చింతామణి శివార్లలో ఒక రైతు పట్టుపురుగుల షెడ్డు చూసుకుంటున్నాను. తెల్లవారుతూనే పురుగులకు మల్బరీ ఆకు వేసి, చేతులు కడుక్కుని, బస్సెక్కి కాలేజీకి. సాయంత్రం మళ్లీ ఆకు. పురుగులకూ నాకూ ఒకటే తేడా, అవి తిన్నది వంటబట్టేది.

చివరి ఏడాది ప్రాక్టీసు టీచింగు వచ్చింది. బట్లహళ్ళి దారిలో ఒక ఊరి హైస్కూలు, ఎనిమిదో తరగతి. ఇంట్లో మాది తెలుగు, పాఠం చెప్పాల్సింది కన్నడంలో. శ్వాసక్రియను కన్నడంలో ఉసిరాట అంటారు. ఆ ఉసిరాట తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. కాలేజీ సారు వెనక బెంచీలో కూర్చుని చూసే ఆ ఒక్క పాఠం సరిగా రాకపోతే టీచరు ఆశ వదిలేసుకుందామని నాలో నేను అనుకున్నాను. షెడ్డు యజమాని కూడా ఉండేదీ పోయేదీ తేల్చమన్నాడు.

"సోమవారం లోపల చెప్పమ్మా. పోతావంటే పో. నేను ఇంకొకర్ని చూసుకోవల్ల."

అందుకే పొద్దున్నే షెడ్డులో, ఆకు వేస్తూ, పాఠం గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. యజమాని తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

"ఏమ్మా, పురుగులకి పాఠం చెప్తాండావా? పరీక్ష ఎప్పుడు వాటికి?"

"ముందు నాకప్పా."

పాఠానికి రెండు రోజుల ముందు, పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. జ్వరమంటే జబ్బు కాదు. పాత చర్మం విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, నిద్రపోయినట్టు కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు ఆకు వేయకూడదు, తాకకూడదు. కిటికీలు తెరిచి, పడకల మీద సున్నంపొడి చల్లి, ఊరకుండాలి. ఎన్నో వందల సార్లు చూసిందే. కానీ ఆ పొద్దున నేను మాట్లాడుతుండగా నమిలే చప్పుడు పలచబడి పలచబడి ఆగిపోయింది. షెడ్డంతా నా గొంతు ఒక్కటే. చూస్తే వరస వరసంతా, వేల తలలు ఎత్తుకుని ఉన్నాయి. వింటున్నట్టే. నేను వాక్యం మధ్యలో ఆపేశాను. పూర్తి చేయడానికి ధైర్యం చాలలేదు.

శుక్రవారం, సారు వెనక బెంచీలో కూర్చుని ఉండగా, తరగతిలోకి వెళ్లాను. నలభై మంది లేచి నమస్కారం పెట్టి కూర్చున్నారు. మొదటి నాలుగు వాక్యాలు బాగానే వచ్చాయి. తర్వాత చప్పుడు లేదు. ఒక కాలు కదల్లేదు, ఒక కాగితం తిరగలేదు. నలభై తలలు పైకెత్తి, నా వైపు.

నా నోరు మూతబడింది. కాళ్లూ చేతులూ మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక్కొక్కటిగా నాలుగు కిటికీలూ తెరిచాను. బెంచీల మధ్య మెల్లగా, ఎవరికీ తగలకుండా నడిచాను. వేళ్ల మధ్య సుద్దముక్క నలిగి పొడి రాలుతోంది, పుస్తకాల మీద, ఒక అమ్మాయి జడ మీద. ఎంతసేపలా తిరిగానో తెలియదు.

జడ మీద పొడి పడిన అమ్మాయి తల తిప్పకుండానే, ఇంటి తెలుగులో, చాలా మెల్లగా అడిగింది.

"మిస్, మాకేమన్నా అయ్యిండాదా?"

అప్పుడు కనబడ్డాయి మొహాలు. అన్నీ భయపడిన మొహాలు. జవాబు చెప్పేలోపే గంట కొట్టారు.

బయట సారు నా చేతికి మార్కుల కాగితం ఇచ్చాడు. "ఇంత నిశ్శబ్దం నేనెక్కడా చూడలేదమ్మా. పాఠం కొంచెమే అయినా, క్లాసు మీద మంచి పట్టుండాది నీకు."

"పన్నెండేళ్లుగా పట్టులోనే ఉండాను సార్," అన్నాను. ఆయన నవ్వాడు. నేను పాసయ్యాను.

బస్సులో కూర్చుని ఆ కాగితం మళ్లీ చదివాను. ఫెయిలై ఉంటే తేలిగ్గా ఉండేది. నేను అడుగుపెడితే పిల్లలు అలా బిగుసుకుపోతే, నన్నెవరూ తప్పుపట్టరు. రిటైరయ్యేదాకా మెచ్చుకుంటూనే ఉంటారు.

శనివారం మళ్లీ వెళ్లాను. గడప దాటానో లేదో, నేనింకా నోరు తెరవకముందే, తలలన్నీ లేచి ఆగిపోయాయి. ఒక్క రోజులోనే నేర్చుకున్నారు.

నేరుగా ఆ అమ్మాయి బెంచీ దగ్గరికి పోయి చెప్పాను. "నిన్న మీకేమీ కాలేదమ్మా. నాకే అయింది. మాట పోయింది."

ఆ అమ్మాయి కిటికీల వైపు చూసింది. "మరి కిటికీలెందుకు తీసినారు మిస్?"

అబద్ధమేదీ దొరకలేదు. షెడ్డులో పురుగుల జ్వరం గురించి చెప్పాను. మీరూ అట్లే ఉన్నారనిపించిందన్నాను. ఎవరూ నవ్వలేదు.

"మేము మేలుకోనే ఉంటిమి కదా మిస్," అంది. గొంతులో కొంచెం కోపం ఉంది. మిగతా ముప్పై తొమ్మిది మంది కదల్లేదు. "మళ్లీ మొదట్నుంచీ చెప్పండి. నిన్న మాకు ఏమీ అర్థం కాలేదు."

మొదటినుంచీ చెప్పాను. పొద్దున షెడ్డులో నా నోట ఈ సంగతంతా విన్న యజమానికి సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏమ్మా, పిల్లోళ్లు మాట్లాడినారా?"

"ఒక పాప మాట్లాడిందప్పా."

"నలభై మందిలో ఒకర్తేనా?"

"ఇప్పటికి ఒకర్తే. సోమవారం నుంచి నేను రానప్పా."