జలపాతం మెట్ల మీద మెడికల్ బోర్డు

“దిగుతవా, దిగవా?”

“దిగ.”

“ఇంత దూరం వచ్చి బస్సుల కూసుంటవా? ఆ సీటుకేమన్న పట్టా రాయించుకున్నవా?”

“నువ్వు పో. నా వంతు గూడ చూసి రా.”

“నీ వంతు నేనెట్ల జూస్తనయ్యా? అదేమన్న పెండ్లిల పెట్టే బువ్వనా, టిఫినుల పెట్టుకొని తెచ్చెటందుకు!”

ఇలా కొట్లాడుకుంటున్నవాళ్లు మా గోదావరిఖని కాలనీలోని సమ్మక్క, ఆమె భర్త రాజయ్య. గోదావరి దాటి, ఇంద్రావతి దాటి, ఛత్తీస్‌గఢ్ అడవిలో జలపాతాలకు పేరుపడ్డ ఒక జాతీయ ఉద్యానవనం ముందు మా బస్సు ఆగి ఉంది. పొద్దు వాలుతోంది. నీళ్ల హోరు బస్సులోకే వినిపిస్తోంది. అందరూ దిగారు, రాజయ్య దిగలేదు.

నేను రిటైరు కావడానికి ఏడాది ముందు, వానలు వెనకబట్టిన రోజుల్లో, దవాఖాన పెద్దసారు నన్ను ఆ బస్సు మీద డ్యూటీకి పంపారు. నా ఉద్యోగం బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో ఆయా. నా భర్త జబ్బుతో పోయాక ఆయనకు బదులుగా నాకిచ్చిన పని అది. నేను చదివింది మూడో తరగతి. కాలనీవాళ్లు చందాలేసుకుని యాత్ర పెట్టుకుంటే, వయసు మళ్లినవాళ్లు ఉన్నారని మందుల డబ్బా ఇచ్చి నన్ను తోడు పంపారు. నా చేతికిస్తే దూది కూడా సగం తిరిగి వస్తుందని సారుకు తెలుసు.

రాజయ్య టింబర్‌మన్. అంటే గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, సర్వీసు ఇంకా మిగిలి ఉండగా బోర్డు డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అని రాస్తే, ఆ కార్మికుడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. రాజయ్య కూతురు మమత డిగ్రీ చేసి ఖాళీగా ఉంది. గడువు దాటితే ఆ అవకాశం పోతుంది. బోర్డు మరుసటి వారమే.

నేను డబ్బా పట్టుకుని బస్సెక్కి రాజయ్య పక్కన కూర్చున్నాను. సమ్మక్కకు వినపడకుండా చెప్పాడు.

“ఆయమ్మా, కింద అందరి చేతులల్ల ఫోన్లే. నేను మెట్లు దిగంగ ఎవడన్న ఫోటో తీసి గ్రూపుల పెడితె? శ్రీరాంపూర్‌ల ఒకాయిన కొడుకు బరాత్‌ల ఎగిరిండట. ఆ ఫోటో జూసి, ఎగిరెటోనికి రోగమేందని ఫిట్టు రాసిండ్రట.”

“ఎవలు చెప్పిండ్రు?”

“అందరంటున్నరు.”

“అందరంటె ఎవలు? ఆ బోర్డు గది ముంగట కూసోని పేర్లు పిలిచెటిదాన్ని నేను. ఎక్స్‌రే జూస్తరు, గొట్టంల ఊదిపిస్తరు. ఫోటోలు జూసుడు నేనెన్నడు జూడలే.”

“నీకు సూపిచ్చి జూస్తరా?” అన్నాడు.

సమ్మక్కకు ఇదంతా ఎలాగూ వినపడింది. కిటికీ దగ్గరికి వచ్చి గట్టిగా అన్నది: “బోర్డు డాక్టర్లు చెట్లెక్కి కూసున్నరా, నిన్ను జూసెటందుకు?”

కింద ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. రాజయ్యకు పౌరుషం వచ్చింది. తువ్వాల భుజాన వేసుకుని దిగి, చకచకా జలపాతానికి దిగే మెట్ల వైపు నడిచాడు. ఊపిరి తక్కువైనవాళ్లు అంత జోరుగా నడిస్తే ఏమవుతుందో వార్డులో చూసినదాన్ని. వెనకాలే పరుగెత్తాను.

మొదటి మలుపు దాకా బాగానే దిగాడు. అక్కడ గోడ పట్టుకుని కూలబడ్డాడు. పెదవులు నీలంగా మారాయి. ముందు నడుస్తున్న వాళ్లెవరో చెట్ల సందులోంచి కనిపించే నీళ్ల వైపు ఫోన్ ఎత్తారు. రాజయ్య చప్పున తువ్వాల తీసి ముఖానికి కప్పుకున్నాడు. ఊపిరి అందక గుంజుకుంటున్న మనిషి తన ముఖానికి తానే గుడ్డ కప్పుకోవడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను.

తువ్వాల లాగేశాను. గుండీలు విప్పి, ముందుకు వంచి కూర్చోబెట్టి, అతని జేబులోని ఇన్‌హేలర్ తీసి మందు పీల్పించాను. ఇలాంటప్పుడు మనిషిని పడుకోబెట్టకూడదు, చుట్టూ గుమికూడకూడదు. సమ్మక్క కొంగుతో విసురుతూ నిలబడింది. మెట్టుకొకసారి ఆగి పైకి తెచ్చేసరికి చీకటి పడింది. జలపాతం రాజయ్యకు కనపడనేలేదు.

వనం గేటు దగ్గరి సత్రంలో అన్నాలు తింటున్నప్పుడు రాజయ్యతో ఒకే షిఫ్టులో చేసే ఖాజా భాయ్ ఒక మాట చెప్పాడు. గనుల్లో ఏటా ఫస్ట్ ఎయిడ్ పోటీలు జరుగుతాయి. దెబ్బతగిలినవాణ్ణి స్ట్రెచర్ మీద కుదుపు లేకుండా మోసుకురావడం అందులో ముఖ్యమైన భాగం. ఖాజా జట్టు వాటిలో కప్పు కొట్టింది. “పొద్దుగాల మేం మోస్కపోతం. ఫికర్ జెయ్యకు రాజన్నా,” అన్నాడు.

రాజయ్య కంచం పక్కకు జరిపాడు. “దిగితె దొంగరోగమంటరు, మోస్తె నాటకమంటరు. నా బిడ్డ నౌకరి పోతది. వద్దు భాయ్.”

సమ్మక్క ఈసారి ఎగతాళి చేయలేదు. “పోనీ తియ్. నీళ్లే గద. ఇంట్ల నల్లా ఇప్పుకొని జూస్త,” అన్నది. నవ్వించాలని అన్నదే కానీ ఎవరూ నవ్వలేదు.

యాత్ర నుంచి తిరిగొచ్చాక బోర్డు రాజయ్యను అన్‌ఫిట్ చేసింది. ఎక్స్‌రే చూశారు, ఊదించారు, రాశారు. మమత ఇప్పుడు డ్యూటీకి పోతోంది. ఆ యాత్ర వల్ల నాకు తెలిసింది ఒకటే. డాక్టర్లు రోగాన్ని ఒక్కరోజే పరీక్షిస్తారు, చుట్టుపక్కల జనం రోజూ పరీక్షిస్తారు. నిటారుగా నడిచి వచ్చిన మనిషిని చూసి బోర్డు గది ముందు ఎవరైనా గుసగుసలాడితే, రిటైరయ్యే దాకా అక్కడికక్కడే నోరు మూయించాను.

ఇక ఆ సత్రంలో పడుకుని లేచిన మర్నాడు పొద్దున నేను ఖాళీ బియ్యం సంచి పట్టుకుని మెట్ల మొదట్లో నిలబడ్డాను. గనిలోకి, మా మాటలో బావిలోకి, దిగే ముందు పైనే జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోన్ ఏదీ లోపలికి పోకూడదు. “బావిల దిగుతున్నమనుకొని ఫోన్లన్నీ ఇందుల ఎయ్యుండ్రి. ఎయ్యనోల్లు పైన్నే ఉండుండ్రి,” అన్నాను.

“ఇంత దూరమొచ్చి ఒక్క ఫోటో గూడ లేకపోతె ఎట్ల అవ్వా?” అని ఒకామె సణిగింది.

“కండ్లు తెచ్చుకున్నవ్ గద, వాటితోని జూడు.”

“నా జర్దా డబ్బి గూడ గుంజుకుంటవా ఆయమ్మా?” అన్నాడు ఖాజా.

“గుంజుకుంట. నీ పండ్లన్న బతుకుతయ్.”

సంచి నిండింది. మూతి కట్టి డ్రైవరుకు అప్పజెప్పాను. రాజయ్య అది చూసి, ఎవరూ బతిమాలకుండానే సత్రం వాళ్లిచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త బ్యాండేజీ పాడుచేయడం ఎందుకని సమ్మక్క పాతచీర చింపి అతణ్ణి కుర్చీకి కట్టాను. ఖాజా జట్టువాళ్లు నలుగురు ఎత్తుకున్నారు. ఖాజా పోటీల్లో చెప్పినట్టే “ఎత్తు... అడుగు... ఆగు” అని చెబుతుంటే కుర్చీ కుదుపు లేకుండా కింది దాకా దిగింది.

నల్లటి బండల మీదినుంచి నీళ్లు తెల్లగా, అంచెలంచెలుగా పడుతున్నాయి. తుంపర మా దాకా కొడుతోంది. రాజయ్య మెడ సాచి పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత సమ్మక్క వైపు తిరిగాడు.

“కొంగు కప్పుకో. తడుస్తున్నవ్.”

సమ్మక్క కప్పుకోలేదు. కుర్చీ పట్టుకుని అలాగే నిలబడి తడిసింది.