కొండయ్య అడిగిన ఆదివారం

తెలుగు సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డ కొండయ్య, అభ్యర్థుల పరిచయ సభ రోజున రెండో వరుసకు సాంబారు వడ్డించాడు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బుకిట్ పంజాంగ్‌లో ఒక హాలు తీసుకుని, ముందు భోజనాలు, తర్వాత ప్రసంగాలు అని పెట్టారు. వంటవాళ్ల తరఫున ఇద్దరే మనుషులు వచ్చారు. సాంస్కృతిక కార్యదర్శి శ్యామలాదేవి కంగారుగా అటూ ఇటూ చూస్తుంటే, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న నల్లటి గట్టి మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలున్నవాడు, కంటబడ్డాడు.

"ఏంటి బాబూ, ఇంత లేటా! ఆ బకెట్ తీసుకో. సెకండ్ రోలో ఎవరికీ సాంబారు పడలేదు" అంది.

సాంబారు పడని మాట నిజమే. కొండయ్య బకెట్ తీసుకున్నాడు. ముప్ఫై ఎనిమిది మందికి వడ్డించాడు. ఒకాయన ములక్కాడ ముక్కలు వెయ్యమన్నాడు, వేశాడు. ఒకావిడ పట్టుచీర మీద చుక్క పడితే ఊరుకోనంది, పడనివ్వలేదు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి మైకులో తన పేరు పిలిచారు. గరిటె ఎవరి చేతికివ్వాలో తోచక, దాంతోనే వేదిక ఎక్కాడు.

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ!" అంది శ్యామలాదేవి తర్వాత, నొచ్చుకోవలసింది ఆయనే అన్నట్టు.

నిజం చెప్పాలంటే ఈ పొరపాటు కొండయ్యకూ కొత్తకాదు. 1983లో సోంపేట పక్కనుంచి ఈ దేశానికి వెల్డరుగా వచ్చిన మొదటి వారంలో, బనీనూ నిక్కరూ వేసుకుని ఓడల యార్డు గేటు దగ్గర కూర్చున్న చైనా ముసలాయన్ని, పైపు ఆ చివర కాస్త పట్టుకోమని సైగ చేశాడు. ఆయన లేచి పట్టుకున్నాడు. ఆఫీసులో టై కట్టుకున్న గుమాస్తాకు మాత్రం రోజూ రెండు చేతులా దణ్ణం పెట్టేవాడు. నెల తిరిగాక తెలిసింది, పైపు పట్టిన ముసలాయనే యజమాని అని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కొండయ్యకు చెవులు వేడెక్కుతాయి. అందుకే శ్యామలాదేవిని ఏమీ అనలేకపోయాడు.

ఇప్పుడాయన అదే యార్డులో ఫోర్‌మన్. బూన్ లేలో సొంత ఫ్లాటు. భార్య రాములమ్మ, పాలిటెక్నిక్‌లో చదివే కూతురు నవత. యార్డు కూలీల డార్మిటరీల్లో ఉండే తెలుగువాళ్లలో ఎవరికి వేలు తెగినా, పని పర్మిట్ పోయినా, ఊళ్లో తండ్రి పోయినా ముందు మోగేది ఆ ఫ్లాటులో ఫోనే.

అలాంటివాడు ఎన్నికల్లోకి దిగింది ఒకే ఒక్క కోరికతో. సంఘం ఏటా ఉగాది పండుగను శనివారం సాయంత్రం చేస్తుంది. కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లకి శనివారం సెలవు. ఆదివారం పడుకుని అలసట తీర్చుకోవచ్చు. యార్డు వాళ్లకి శనివారం రాత్రి ఏడింటిదాకా ఓవర్‌టైం. కిందటేడు నలభై మంది స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, రెండు బస్సులు మారి వచ్చేసరికి గిన్నెలు కడుగుతున్నారు. గిన్నె అడుగున మిగిలిన పచ్చడిని ఒక్కొక్కరి అరచేతిలో ఇంత రాశారు. వాళ్లు అది నాకి, చెయ్యి ఎక్కడ కడుక్కోవాలో అడిగారు. అది చూసిన కొండయ్య, పండుగ ఆదివారం పెట్టండని కమిటీని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "చూద్దాం అంకుల్" అన్నారు. నాలుగోసారి అడగకుండా నామినేషన్ వేశాడు.

వేదిక మీద ఆయన ప్రసంగమంతా ఇంతే:

"పండగ ఆదివారం పెడదాం. అందరం కలిసి తిందాం. అంతేనండి."

ఎదుటి అభ్యర్థి జగన్మోహనరావు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు వైస్ ప్రెసిడెంటు. అలాంటి వైస్ ప్రెసిడెంట్లు ఆ బ్యాంకులో అంతస్తుకు అరవై మంది ఉంటారని సంఘంలో చాలామందికి తెలియదు. దేశానికి వచ్చి మూడేళ్లయింది. అది 2001. హైదరాబాదు విమానం దిగే ప్రతివాడి చేతిలోనూ లాప్‌టాప్ సంచీ ఉండే కాలం. ఆయన ఆ ఎండల్లో కోటు వేసుకొచ్చి, తెర మీద బొమ్మలు వేసి, ఇరవై నిమిషాలు మాట్లాడాడు. విజన్ అన్నాడు, నెట్‌వర్కింగ్ అన్నాడు. పండుగ ఏ రోజో అనలేదు.

"చూడు నందితా, ఎంత ప్రెజెంటబుల్‌గా ఉన్నారో!" అంది శ్యామలాదేవి పక్కావిడతో. "కొండయ్యగారు మంచివారే, కాదన్లేదు. రేపు హైకమిషన్ నుంచి ఎవరైనా వస్తే, ఆయన్నెలా నించోబెడతాం పక్కన?"

"ఇంగ్లిష్ కూడా రాదేమో కదా ఆంటీ?"

పద్దెనిమిదేళ్లుగా ఆస్పత్రుల్లో, పోలీసు స్టేషన్లలో, పర్మిట్ ఆఫీసుల్లో కొండయ్య మాట్లాడింది ఇంగ్లిషే. అయితే అది ఆవిడ ఎరిగిన ఇంగ్లిష్ కాదు.

కొండయ్య బెంగపడలేదు. వాళ్ల ఓట్లు ఆయన లెక్కలోనే లేవు. సంఘంలో సగానికి పైగా సభ్యులు యార్డుల వాళ్లు. దరఖాస్తులు నింపి, ఫొటోలు అంటించి చేర్పించింది తనే. అయినా ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోలేదు.

"ముందు చూస్తారు నాన్నా, తర్వాతే వింటారు. యూ వేర్ కోట్ లా" అంది నవత, తను పెరిగిన దేశపు ఇంగ్లిష్‌లో.

రాములమ్మ పై అంతస్తు తమిళాయన్ని అడిగి ఒక కోటు పట్టుకొచ్చింది. ఇత్తడి గుండీలు, భుజాల మీద పట్టీలు. కొండయ్య తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. తమిళాయన పెద్ద హోటల్ గుమ్మంలో తలుపులు తీస్తాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"వద్దు నాన్నా, విప్పెయ్. అందరూ నీచేత టాక్సీ పిలిపిస్తారు" అంది నవత, నవ్వాపుకుంటూ.

"ఓలమ్మో, గుండీలు మెరుత్తన్నాయని తెచ్చినాను గానీ..." అని రాములమ్మ కోటు మడతపెట్టింది.

ఎన్నికకు వారం ముందు, ఆదివారం, జగన్మోహనరావు డార్మిటరీకి వెళ్లాడు. కోటుతోనే వెళ్లాడు. మంచాల మధ్య నడుస్తూ ప్రతివాడికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "మీ చెమట మీదే ఈ దేశం నిలబడింది బ్రదర్" అన్నాడు. ప్రతివాడి చేతిలోనూ తన విజిటింగ్ కార్డు పెట్టాడు. బయటికొచ్చి, కారు ఎక్కకముందే, జేబులోంచి చిన్న సీసా తీసి చేతులు శుభ్రం చేసుకున్నాడు. బియ్యం బస్తా దింపడానికి వచ్చిన కొండయ్య మెట్ల దగ్గర నిలబడి అది చూశాడు. కోటు చేతులు పైకి లాక్కుని, మోచేతులదాకా రుద్దుకున్నాడు ఆ మనిషి.  లోపలికి వెళ్లి చెబుదామనుకున్నాడు. చాడీ చెప్పినట్టుంటుందని బస్తా దింపి వెళ్లిపోయాడు.

ఓట్ల రోజూ ఆదివారమే. యార్డు వాళ్లు నూట నలభై మంది వరుసగా వచ్చారు. ప్రతివాడూ "అన్నా, బాగున్నావా" అని పలకరించి లోపలికెళ్లాడు. కొండయ్య మనసులో పండుగ హాలు కూడా కుదిర్చేశాడు. సాయంత్రం లెక్క పెట్టారు. జగన్మోహనరావుకి నూట తొంభై ఆరు. కొండయ్యకి యాభై ఒకటి.

కొండయ్య లెక్క మళ్లీ పెట్టమనలేదు. చెప్పులేసుకుని బయటికొచ్చాడు. బస్టాపులో వీరాస్వామి ఎదురయ్యాడు. సొంత మండలంవాడు. రెండేళ్ల కిందట రెండు వేళ్లు మిషన్లో పడి తెగితే, ఐసు డబ్బాలో పెట్టి వాటినీ వాడినీ ఆస్పత్రికి చేర్చింది కొండయ్యే.

"ఏరా, నువ్వు నాకే ఏసినావా?" అని అడిగాడు కొండయ్య.

వీరాస్వామి అబద్ధం ఆడలేదు. అది వాడిలో ఉన్న మంచి గుణం.

"లేదన్నా. కోపం పెట్టుకోకు. నువ్వు మావోడివి, నీకేటి తక్కువ? కానీ పెసిడెంటంటే కొంచెం... ఆయన్ని సూత్తే పెసిడెంటులాగున్నాడు. నువ్వు మాలాగున్నావు. మాలాటోడు కుర్చీలో కూకుంటే నలుగురూ నవ్వరేటి?"

"మరి పండగో?"

"ఆయన సదువుకున్నోడు కదన్నా. ఆయనే సూసుకుంతాడు. ఇదిగో, నాతోటి ఫొటో కూడా తీయించుకున్నాడు. ఇంటికి పంపీసినాను. మా అయ్య పటం కట్టించి గోడకి తగిలిత్తాడట."

ఆ విజిటింగ్ కార్డు కూడా తీసి చూపించాడు. పర్సులో, దేవుడి బొమ్మ వెనక దాచుకున్నాడు. అతికించిన ఆ రెండు వేళ్లతోనే పట్టుకున్నాడు.

 శ్యామలాదేవి బకెట్ చేతికిచ్చినప్పుడు కలగని అసహ్యం కొండయ్యకు ఇప్పుడు కలిగింది. ఆవిడ తనను ఎరగదు. వీళ్లు ఎరుగుదురు. ఎరిగి కూడా, తమలా ఉన్నాడని తీసి పక్కన పెట్టారు. అద్దంలో తమను చూసుకుని తామే ముఖం తిప్పుకునే మనుషులకు ఆదివారం తెచ్చిపెడదామనుకున్న తన వెర్రితనం మీద కూడా ఆయనకు రోత పుట్టింది. బస్సు వచ్చింది. ఖాళీ సీటుండగా నిలబడే ఇంటికెళ్లాడు.

ఇంట్లో రాములమ్మ అందర్నీ పేరు పేరునా తిట్టింది. నవత "సో స్టుపిడ్" అంటూ తలుపు వేసుకుంది. కొండయ్య అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ఏడు ఉగాది సోమవారం వచ్చింది. పండుగకు పది రోజుల ముందు సంఘం కాగితం వచ్చింది. 'ఉగాది గాలా ఈవినింగ్'. శనివారం సాయంత్రం అయిదింటికి. కోటూ పట్టుచీరా తప్పనిసరి కాదు గానీ వేసుకొస్తే సంతోషమట. అడుగున జగన్మోహనరావు నవ్వుతున్న ఫొటో.

మర్నాడు పొద్దున్నే, పనికెళ్లే దారిలో, వీరాస్వామి ఆ కాగితం పట్టుకుని బూన్ లే వచ్చాడు. కొండయ్య గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.

"సూసినావా అన్నా? మళ్లీ శనివారమే పెట్టీసినారు! మేమెలగెల్తామన్నా? కార్డు మీదున్న నంబరుకి ఫోన్ సేత్తే ఎవులో ఆడమనిసి ఎత్తి, సారు మీటింగులో ఉన్నారంతాది. ఇది అన్నేయం కాదేటి? నువ్వెల్లి ఒక్కపాలి గట్టిగా అడగన్నా."

కొండయ్య రెండో తాడు కూడా ముడేసి, లేచి నిలబడ్డాడు.

"నానడిగితే ఎవుడింతాడ్రా, నాను నీలాగున్నాను కదా."